రెండు సబ్‌నెట్‌లకూ ఒకే ఫైల్ సర్వర్

మా ప్రింటింగ్ ప్రెస్ తిరుపతి బైరాగిపట్టెడలో ఉంది. కింద బిల్లింగ్ సిస్టమ్‌లు 192.168.10 సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఒక విడి భాగం), పైన డిజైనర్లు 192.168.20లో. ఫైళ్లన్నీ కిందున్న విండోస్ సర్వర్‌లో, అంటే 192.168.10.5లో. బ్రహ్మోత్సవాల ముందు ఫ్లెక్సీల పని ముంచుకొచ్చిన రోజుల్లో పైవాళ్లకు షేర్ (సర్వర్‌లో అందరికీ పంచిన ఫోల్డర్) తెరుచుకోలేదు. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగడమే సరిపోయింది.

ముందు సర్వర్‌లో గేట్‌వే, అంటే వేరే సబ్‌నెట్‌కు దారి చూపే రూటర్ చిరునామా చూడండి. మాకు అది ఖాళీగా ఉంది. పైనుంచి వచ్చిన అభ్యర్థన సర్వర్‌కు చేరినా, జవాబు తిరిగి వెళ్లే దారి లేదు. రూటర్ చిరునామా 192.168.10.1 ఇచ్చాం.

అయినా తెరుచుకోలేదు! అసలు చిక్కు సర్వర్ ఫైర్‌వాల్‌లో, అంటే కనెక్షన్లను వడపోసే విండోస్ రక్షణలో ఉంది. ప్రైవేట్ నెట్‌వర్క్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ రూల్ మామూలుగా లోకల్ సబ్‌నెట్‌నే అనుమతిస్తుంది. ఆ ఫైర్‌వాల్ ఇన్‌బౌండ్ రూల్స్‌లో (లోపలికి వచ్చే కనెక్షన్ల నియమాలు) 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్, ఎస్ఎంబీ-ఇన్' తెరిచి, స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ ఐపీ కింద 192.168.20.0/24, అంటే పై సబ్‌నెట్ మొత్తాన్ని చేర్చండి. టెన్షన్‌లో ఫైర్‌వాల్ మొత్తం ఆపేయకండి, అది చాలా ప్రమాదం. రూటర్‌లో రెండు సబ్‌నెట్‌ల మధ్య ఫైల్ షేరింగ్ వాడే టీసీపీ 445 పోర్టు తెరిచి ఉంటే చాలు. ఇంటర్నెట్ వైపు మాత్రం ఎప్పుడూ తెరవొద్దు.

ఎక్స్‌ప్లోరర్ నెట్‌వర్క్ జాబితాలో సర్వర్ పేరు కనబడకపోతే కంగారు వద్దు, ఆ వెతుకులాట రూటర్ దాటదు. రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, ఐపీ, షేర్ పేరు ఇచ్చి డ్రైవ్ మ్యాప్ చేసుకోండి, అంటే ఆ షేర్‌కు ఒక డ్రైవ్ అక్షరం ఇవ్వండి. మా డిజైనర్లకు ఇప్పుడది జెడ్ డ్రైవ్.