మర పట్టించే ముందు: ఇంటి సున్నిపిండి

ఇంట్లో సౌందర్య సాధనాలు చేసుకుందామనుకునేవారు చాలామంది కలబంద గుజ్జుతో క్రీము చేయడం దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే పొడి సరుకుతో మొదలుపెట్టమంటాను. తడి ఉన్న ప్రతిదానిలోనూ సూక్ష్మజీవులు పెరుగుతాయి. బూజు కంటికి కనబడేసరికి అవి ఎప్పుడో స్థిరపడి ఉంటాయి. కంపెనీలు క్రీముల్లో ప్రిజర్వేటివ్ కలిపేది ఊరికే కాదు. బాగా ఎండిన పిండికి ఆ బెడద లేదు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఇలాంటి చోట కాస్త పాఠం చెబుతాను, ఓపిక పట్టండి.

మా ఇంటి సున్నిపిండి కొలత ఇది. పెసలు కిలో, పచ్చిశనగపప్పు అర కిలో, బియ్యం నూట యాభై గ్రాములు, ఎండు గులాబీ రేకులు వంద గ్రాములు, కస్తూరి పసుపు కొమ్ములు వంద గ్రాములు, కచ్చూరాలు (సువాసన ఉన్న ఎండు దుంపలు), మెంతులు యాభై గ్రాముల చొప్పున, వట్టివేళ్ళు ఒక గుప్పెడు. మా అత్తగారు శనగపప్పు ఎక్కువ వేసేవారు. శనగపిండి జిడ్డును గట్టిగా లాగుతుంది, అందుకని పొడిచర్మం వాళ్ళకు ఒళ్ళు బిర్రబిగుసుకున్నట్టు ఉంటుంది. నేను పెసలవైపు మొగ్గాను. బియ్యం మరీ పెంచకండి, పిండి గరుకెక్కుతుంది. కమలా తొక్కలు నేను వేయను. బజారు పళ్ళ మీద ఏ మందు కొట్టారో, ఏ మైనం పూశారో మనకు తెలియదు.

ఈ జాబితాలో ఎక్కువ మోసం జరిగేది కస్తూరి పసుపు దగ్గర. కొట్లో పచ్చగా మెరిసిపోయే పొడి పొట్లం తీసి ఇదే కస్తూరి పసుపు అంటారు. అసలు సరుకు పొడి అంత పచ్చగా ఉండదు, లేత మీగడ రంగులో ఉంటుంది. వాసన చూస్తే కర్పూరం ఛాయ తగులుతుంది. ఒంటికి రంగు అంటించదు. వంట పసుపు వేస్తే మాత్రం తువ్వాళ్ళు, స్నానాల గది గోడలు అన్నీ పచ్చబడతాయి. పసుపు పొడుల్లో సీసం కలిసిన రంగులు కల్తీ చేసే వ్యాపారులు కూడా ఉన్నారు. అందుకని పొడి కొనవద్దు, కొమ్ములే కొనండి. పేరున్న మూలికల కొట్టుకు వెళ్ళండి. హైదరాబాదు వాళ్ళకైతే బేగంబజార్ ఉండనే ఉంది. ఒక కొమ్ము విరిపించి లోపలి రంగు చూడండి, వాసన చూడండి. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక బావంచాలు అనే మూలిక గింజలు. పాత ఇళ్ళ కొలతల్లో ఇవి తప్పకుండా కనబడతాయి. మంచి వాసన, ఒంటికి నిగారింపు అని చెబుతారు. నేను మానేయమంటాను. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఆ చోట చర్మం కములుతుంది, ఒక్కోసారి బొబ్బలెక్కుతుంది, ఆ తర్వాత నల్లటి మచ్చ మిగులుతుంది. ఈ గుణాన్నే బొల్లి వైద్యంలో డాక్టర్లు వాడతారు, అదీ మోతాదు లెక్కగట్టి, వెలుతురు కొలిచి. తలంటుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకునే అలవాటున్న మనకు ఆ గింజలతో పనేమిటి? నిమ్మరసం ముఖానికి రుద్దుకుని బయటికి వెళ్ళవద్దనేది కూడా ఇందుకే. నిమ్మజాతి కాయల్లో ఇదే కుటుంబానికి చెందిన పదార్థాలున్నాయి. పైగా దాని పులుపు చర్మం ఓర్చుకునే పులుపుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వంటసోడా దానికి సరిగ్గా ఎదురు, క్షారం. రెండూ వంటింట్లోనే ఉండనివ్వండి.

మాది కాకినాడ. సముద్రపు గాలికి ఇక్కడ ఉప్పు కూడా నీరు కారుతుంది. కాబట్టి నేను మాఘ ఫాల్గుణ మాసాల్లోనే ఈ పని పెట్టుకుంటాను. దినుసులన్నీ విడివిడిగా పాత చీర మీద పరిచి రెండు మూడు గట్టి ఎండలు ఇవ్వాలి. గులాబీ రేకులు మాత్రం నీడపట్టున ఆరాలి, ఎండలో పెడితే వాసన పోతుంది. పెసగింజను పళ్ళ మధ్య పెట్టి కొరికితే టక్కున పగలాలి, నొక్కుకుపోతే ఇంకో ఎండ కావాలన్నమాట. దీపావళి ముందు వానల్లో చేయాల్సి వస్తే పప్పులు బాండీలో సన్నని సెగ మీద వేడి చేయండి. వేయించడం కాదు, చెమ్మ పోగొట్టడం. కమ్మటి వాసన వచ్చిందంటే ఎక్కువైనట్టే.

పసుపు కొమ్ములు, కచ్చూరాలు రోట్లో వేసి నలగ్గొట్టండి. వట్టివేళ్ళను కత్తెరతో అంగుళం ముక్కలు చేయండి. వాటిని అలాగే పంపిస్తే మరవాడు ముఖం మీదే వెనక్కి ఇస్తాడు, పీచు రాళ్ళకు చుట్టుకుంటుంది.

పిండిమర దగ్గర ఒక్క జాగ్రత్త చాలు, కానీ అది అన్నిటికన్నా ముఖ్యం. కారం పట్టిన మరలో సున్నిపిండి పట్టించకూడదు. కారానికి వేరే మర ఉందని అంటారు, ఉంటుంది కూడా, కానీ డబ్బా, గరిట, తూకం పళ్ళెం ఒకటే అయి ఉంటాయి. పొద్దున్నే మర తెరిచే వేళకు వెళ్ళండి. ఇంటి నుంచి అదనంగా ఒక పావు కిలో బియ్యం తీసుకెళ్ళి ముందు అవి పోయించండి. ఆ పిండి పక్కకు తీసేశాక మన సరుకు పోయాలి. మీ డబ్బాలోకే నేరుగా పట్టించుకోండి. అయ్యాక చిటికెడు తీసి మోచేతి లోపలివైపు తడిపి రాయండి. మంట పుట్టిందా, అక్కడే తేలిపోతుంది. డాలస్‌లో మా మేనకోడలికి మర లేదు, మిక్సీలోనే కొద్దికొద్దిగా, మధ్యలో ఆపుతూ పట్టుకుంటుంది. ఆపకపోతే పిండి వేడెక్కి సువాసన ఎగిరిపోతుంది.

మర నుంచి తెచ్చిన పిండి వెచ్చగా ఉంటుంది. మూత పెట్టేస్తే లోపల ఆవిరి పట్టి ఉండలు కడుతుంది. పేపరు పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత జల్లించాలి. ఒంటికి మామూలు జల్లెడ చాలు. ముఖానికి వాడేది మాత్రం వస్త్రఘాళితం చేయాల్సిందే. గిన్నె మూతికి పల్చటి నూలుబట్ట వదులుగా కట్టి, పిండి వేసి వేళ్ళతో నెమ్మదిగా కదపండి. బట్ట మీద మిగిలిన రవ్వను వేళ్ళ మధ్య నలిపి చూస్తే సన్నని ఇసుకలా గుచ్చుకుంటుంది. అదే రోజూ ముఖం మీద రుద్దుకుంటే చర్మం గీసుకుపోక ఏమవుతుంది? కిందికి దిగిన పిండి పౌడరంత మెత్తగా ఉంటుంది. దాన్ని వేరే సీసాలో పెట్టుకోండి.

వాడకం అందరికీ తెలిసిందే అనుకుంటారు గానీ, చాలామంది మాస్కులా పూసి ఎండిపోయేదాకా కూర్చుంటున్నారు. నలుగుకు ముందు నూనె ఉండాలి. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఒంటికి పట్టించి అరగంట ఆగండి. పిండిని నీళ్ళతోనో పాలతోనో జారుగా కలిపి, తడి ఆరకముందే మృదువుగా రుద్ది కడిగేయండి. నూనెను పిండి పీల్చుకుంటుంది, పప్పుల్లో సహజంగా ఉండే కొద్దిపాటి సబ్బు గుణం మిగిలిన జిడ్డును తీస్తుంది. భోగినాడు, నరక చతుర్దశినాడు పెద్దలు చేయించేది ఇదే క్రమం. మొటిమలు చితికి పుండ్లైనవాళ్ళు, గజ్జి తామర ఉన్నవాళ్ళు రుద్దుడు జోలికే పోవద్దు. పసిపిల్లలకు మూలికలేవీ వద్దు. వాళ్ళ డాక్టరు సరేనంటేనే, వస్త్రఘాళితం చేసిన వట్టి పెసరపిండి వాడండి. పిండి గాల్లో ఎగరకుండా ముందే తడపండి, ముక్కులోకి పోకూడదు.

కొత్తగా వాడేవాళ్ళు ఎవరైనా సరే, ముందురోజు మోచేతి మడతలో రాసి కడిగేసి ఒక రోజంతా చూడండి. సహజమైనది కాబట్టి పడకపోవడం ఉండదనే మాట నమ్మకండి. ఉమ్మెత్త కూడా సహజమైనదే.

తలకు కుంకుడుకాయలకు మించినది నాకు తెలియదు. గింజ తీసిన కాయలు రాత్రి వేడినీళ్ళలో నానబెట్టి, పొద్దున పిసికి, తప్పకుండా వడకట్టండి. ఆ రసం ఏ రోజుకు ఆ రోజే. కలబంద గుజ్జూ అంతే. ఆకు కోయగానే కారే పసుపుపచ్చ జిగురును పూర్తిగా కారనిచ్చి, కడిగి, అప్పుడు లోపలి గుజ్జు తీయండి. ఆ జిగురు చర్మానికి దురద పెడుతుంది.

పిండిని గాజు సీసాల్లో పోసి, నెలకు సరిపడా బయట ఉంచి మిగతాది ఫ్రిజ్‌లో పెడితే ఆరు నెలలు నిక్షేపంగా ఉంటుంది. తడి చెయ్యి పెట్టవద్దు. ముక్కవాసన వచ్చినా, పురుగు కనబడినా మొక్కల పాదులో వేసేయండి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు ఇంకొక్క మాట. నూనెతో కలిసిన సున్నిపిండి గొట్టంలో గారకట్టి కూర్చుంటుంది. స్నానాల గది తూముకు సన్నటి జాలీ వేసుకోండి, లేకపోతే కింది ఫ్లాటు వాళ్ళు పండగపూట మీ తలుపు తడతారు.