నీడిల్ తిప్పే ముందు ట్యాంకు విప్పండి

ఇది రేడియో కంట్రోల్ మోడల్ విమానాల్లో వాడే 40, 46 సైజు (0.40, 0.46 ఘనపు అంగుళాల) టూ-స్ట్రోక్ గ్లో ఇంజిన్ల గురించి. స్టార్ట్ చేయడం, ప్రొపెల్లర్ వెనక వైపు నుంచే చెయ్యి పెట్టి నీడిల్ (కార్బురేటర్‌లో ఫ్యూయల్‌ని నియంత్రించే మర) తిప్పడం, కొత్త ఇంజిన్‌ని బ్రేక్-ఇన్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. మెయిన్ నీడిల్ బిగిస్తే లీన్ (ఫ్యూయల్ తక్కువ), వదులు చేస్తే రిచ్ (ఫ్యూయల్ ఎక్కువ). దీని మీద ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఇంజిన్ మొరాయించగానే అందరి చెయ్యీ నీడిల్ మీదికే పోతుంది. పోయిన ఆదివారం బ్రహ్మాండంగా తిరిగిన ఇంజిన్‌కి ఈ ఆదివారం అర చుట్టు తేడా ఎందుకొస్తుంది? నీడిల్‌ని పట్టి ఉంచడానికి క్లిక్కుల స్ప్రింగ్ ఉంది, దానంతటది తిరగదు. మారింది ఇంకేదో. కాబట్టి ముందు కొత్త గ్లో ప్లగ్ (వేడి తీగతో మిశ్రమాన్ని మండించేది) పెట్టండి. తర్వాత ఫ్యూయల్ చూడండి. అందులో ఉండే మిథనాల్ గాలిలో తేమను పీల్చేస్తుంది, మూత సరిగా పెట్టని డబ్బా వానాకాలం గడిపిందంటే దాంతో ట్యూనింగ్ చేయడం దండగ. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతుండగా ట్యాంకు నుంచి కార్బురేటర్‌కి వచ్చే ట్యూబులో బుడగలు ఉన్నాయేమో చూడండి. నీడిల్ వంతు నాలుగోది. పది నిమిషాల పని, అయినా ఎవరూ చూడరు.

ప్లగ్‌కి పెట్టిన బ్యాటరీ కనెక్టర్ తీయగానే ఆర్‌పీఎం పడిపోతోంది

ప్లగ్ బలహీనపడింది, లేదా మిశ్రమం మరీ రిచ్‌గా ఉంది. కొత్త ప్లగ్‌తో కూడా అంతే అయితే కాస్త లీన్ చేయండి. ప్లగ్ తీగ ఎర్రగా మెరిసింది కాబట్టి మంచిదేనని వాదించకండి. పాత తీగ బ్యాటరీతో మెరుస్తుంది, బ్యాటరీ తీసేశాక వేడి నిలుపుకోలేదు.

ఐడిల్ బాగుంది, థ్రాటిల్ తెరవగానే ఆగిపోతోంది

ముందు మెయిన్ నీడిల్ సరిచేయాలి, ఐడిల్ స్క్రూ తర్వాత. ఈ వరస తిరగేస్తే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు. ఫుల్ థ్రాటిల్‌లో వేగం పీక్‌కి చేరేవరకు బిగించి, అక్కడి నుంచి 300-500 ఆర్‌పీఎం తగ్గేలా రిచ్ వైపు వెనక్కి రండి. తర్వాత ఐడిల్‌లో ఉంచి, కార్బురేటర్ దగ్గర ట్యూబు నొక్కి పట్టుకోండి. వేగం కాసేపు పెరిగి ఆగితే ఐడిల్ రిచ్, నొక్కగానే ఠక్కున ఆగితే లీన్. స్క్రూని ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టు మించి తిప్పకండి. ఇక్కడ కూడా బిగిస్తే లీనే, పాత రకం ఎయిర్-బ్లీడ్ కార్బురేటర్లలో మాత్రం దిశ తిరగబడుతుంది. ముందు వైపు చిన్న గాలి రంధ్రం కనిపిస్తే అదే. ఆ స్క్రూ బిగిస్తే గాలి తగ్గి రిచ్ అవుతుంది.

నేల మీద బాగుంది, ఎగిరాక సగం ట్యాంకు అయ్యేసరికి వేడెక్కి కూలబడుతోంది

అసలు తలనొప్పి ఇదే. ఫుల్ ట్యాంకుతో ఇంజిన్ ముచ్చటగా తిరుగుతుంది. నాలుగైదు నిమిషాలయ్యాక, ముఖ్యంగా ముక్కు పైకెత్తినప్పుడు, శబ్దం సన్నబడి ఈల వేసినట్టు మారి ఆగిపోతుంది. లీన్ అయిందని నీడిల్ తెరుస్తారు. ఇప్పుడు ఫుల్ ట్యాంకుతో పొగలు కక్కుతూ బుడబుడమంటుంది, సగంలో మళ్ళీ పాత కథే. మాన్యువల్‌లో రెండు చుట్ల చుట్టూ ఉండాల్సిన నీడిల్ మూడున్నర చుట్లు తెరిచి ఉందంటే నాకు ఇంజిన్ మీద అనుమానం రాదు. ట్యాంకు లోపల క్లంక్‌కి (ఫ్యూయల్‌ని పీల్చే ట్యూబు చివరనుండే బరువుకి) వెళ్ళే సిలికాన్ ట్యూబు మీద వస్తుంది.

ట్యాంకు బిరడాలోంచి లోపలికి వచ్చే ఇత్తడి గొట్టాన్ని కోసినప్పుడు అంచున సన్నటి పొర పదునుగా మిగిలిపోతుంది. దాని మీదకు తొడిగిన సిలికాన్ ట్యూబు, ఇంజిన్ వైబ్రేషన్‌కి క్లంక్ ఊగినప్పుడల్లా అక్కడే వంగుతుంది. కొన్నాళ్ళకు సూదిమొనంత కన్నం పడుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ ఆ కన్నం ఫ్యూయల్‌లో మునిగే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి వెళ్ళేదీ ఫ్యూయలే, ఏ తేడా తెలియదు. మట్టం దిగి కన్నం బయటపడగానే, ముక్కు ఎత్తి ఫ్యూయల్ వెనక్కి పోయినా సరే, మఫ్లర్ నుంచి ట్యాంకులోకి వచ్చే ప్రెషర్ అక్కడి నుంచి గాలిని లైన్‌లోకి నెడుతుంది. చీలిన స్ట్రాతో కొబ్బరిబొండం తాగినట్టే.

ఇక్కడ అందరూ మోసపోయే పరీక్ష ఒకటుంది. ట్యాంకుని బకెట్ నీళ్ళలో ముంచి, ఒక గొట్టం మూసి, ఇంకోదాంట్లోంచి ఊదుతారు. బుడగ రాదు. "ట్యాంకు ఓకే" అని తేల్చేసి కార్బురేటర్ విప్పుతారు. కన్నం ఉన్నది ట్యాంకు లోపల కదా, ఆ ట్యూబుకి రెండు పక్కలా ఒకటే ప్రెషర్, బుడగ ఎలా వస్తుంది? బిరడా బయటికి లాగాల్సిందే. క్లంక్ మూతిని వేలితో మూసి, ట్యూబుని గ్లాసు నీళ్ళలో పెట్టి, బయటి వైపు నుంచి సిరంజితో గాలి ఎక్కించండి. నిటారుగా ఉంటే కన్నం మూసుకుపోయి ఏమీ కనిపించకపోవచ్చు. ఇత్తడి చివర దగ్గర ట్యూబుని అటూ ఇటూ వంచండి. సన్నటి బుడగల వరస మొదలవుతుంది.

కన్నం దగ్గర కోసి మిగతాది వాడకండి, కొత్త ట్యూబు వేయండి. ఇత్తడి గొట్టం అంచుని సన్న ఆకురాయితో లోపలా బయటా గుండ్రంగా చేసి, వేలు తిప్పి చూడండి, ఎక్కడా గీసుకోకూడదు. క్లంక్ వెనక గోడకి సుమారు 6 మిల్లీమీటర్ల దూరంలో ఆగాలి. పొడవైతే గోడకి అతుక్కుంటుంది. ల్యాండింగ్ గట్టిగా తగిలితే క్లంక్ ముందుకు మడత పడి అక్కడే ఇరుక్కుంటుంది, అప్పుడూ ఇవే లక్షణాలు. ట్యాంకు ఊపితే క్లంక్ టకటకమని వినపడాలి. తిరిగి బిగించేటప్పుడు బిరడా స్క్రూ మీద బలం చూపించకండి, ట్యాంకు మెడ చీలుతుంది. చుట్టూ ఫోమ్ పెట్టండి, లేకపోతే వైబ్రేషన్‌కి ఫ్యూయల్ నురగ కట్టి మళ్ళీ బుడగలే. నీడిల్‌ని మాన్యువల్ చెప్పిన చోటికి తెచ్చి ట్యూనింగ్ మొదటి నుంచి చేయండి. పాత మూడున్నర చుట్లతోనే ఎగరేస్తే ఇప్పుడు నిజంగానే రిచ్ అవుతుంది.

వాతావరణం మీద నెపం వేసేవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అక్కడ సెట్ చేసిన ఇంజిన్‌ని విశాఖ తీరానికి తీసుకెళ్తే గాలి చిక్కబడి కొంచెం లీన్ అవుతుంది, కొన్ని క్లిక్కులు తెరవాలి. డిసెంబరు పొద్దుటి చలికీ అంతే. మే నెల మధ్యాహ్నం గాలి పలచబడి రిచ్ వైపు జరుగుతుంది. ఇవన్నీ క్లిక్కుల లెక్కలు. అర చుట్టు తేడా వచ్చిందంటే అది వాతావరణం కాదు.

ట్యాంకు, ట్యూబులు, ప్రెషర్ లైన్ అన్నీ బాగుండి కూడా సెట్టింగ్ నిలవకపోతే కార్బురేటర్ అడుగున ఉన్న ఓ-రింగ్, బ్యాక్‌ప్లేట్ (ఇంజిన్ వెనక మూత) గాస్కెట్ చూడండి. స్క్రూలు వదులైనా గాలి లాగుతుంది. ముందు బేరింగ్ అరిగిందేమో, క్రాంక్‌కేస్ పగిలిందేమో అన్న అనుమానాలు చివరికి ఉంచుకోండి. ముందు బేరింగ్ నుంచి ఫ్యూయల్‌లో కలిసిన ఆముదం జిడ్డు కాస్త చిమ్మడం చాలా ఇంజిన్లలో మామూలే.