గ్రాంట్ దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు చిన్న స్వచ్ఛంద సంస్థలు పెట్టుకునే దరఖాస్తులు చూసి సరిచేయడం చాలాకాలంగా నా పని. ఎక్కువగా ప్రజల భాగస్వామ్యం కోసం ఇచ్చే గ్రాంట్లే: మంచినీటి చెరువు కమిటీలు, వరద సన్నద్ధత బృందాలు, మడ అడవుల పక్క ఊళ్లలో మత్స్యకార మహిళల సంఘాలు. దరఖాస్తు వెనక్కి రాగానే అందరూ ముందు వెతికేది సిఫార్సు కోసం. "పైన ఎవరైనా తెలుసాండీ?" అని ఫోన్ చేస్తారు. చేతిలో ఉన్న కాగితాలు మాత్రం ఇంకోసారి తీసి చూడరు.

దరఖాస్తు ఏ దశలో ఆగిందన్న దాన్నిబట్టి కారణం మారుతుంది. ముందు అది తేల్చుకోండి. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్, దర్పణ్ ఐడి, ఆడిట్ రిపోర్ట్ అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: మొదటి వడపోతలోనే వెనక్కి వచ్చింది

ఇలా జరిగితే మీ ప్రతిపాదనను ఎవరూ చదవనే లేదని అనుకోండి. కాగితాలు సరిచూసే దగ్గరే పక్కన పెట్టేశారు.

సొసైటీ సర్టిఫికెట్, పాన్ కార్డు, ఆదాయపు పన్ను మినహాయింపు తాలూకు 12ఎ, 80జి ఆర్డర్లు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో మీ సంస్థ ప్రొఫైల్ ప్రింటు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఒకరు సంస్థ పేరును అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు మిగతా కాగితాల్లో చూసుకుంటూ రావాలి. ఒకచోట పూర్తి పేరు, ఇంకోచోట పొడి అక్షరాలు. ఒకచోట 'అసోసియేషన్', ఇంకోచోట 'ఆర్గనైజేషన్'. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక 'హెచ్' ఎక్కువ. ఎన్నిసార్లు చెప్పినా "అది చిన్న విషయం కదండీ" అనే అంటారు. మన కంటికి చిన్నదే. పోర్టల్ మాత్రం దాన్ని వేరే సంస్థగానే చూస్తుంది. పది నిమిషాల్లో అయిపోయే ఈ పని చేయకుండా ఏడాది పోగొట్టుకున్న వాళ్లను చూస్తే బాధేస్తుంది.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అమలాపురం కోనసీమ జిల్లాకు కేంద్రమైంది, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది. అంతకుముందు రిజిస్టరైన కోనసీమ సంస్థల సర్టిఫికెట్లో పాత జిల్లా తూర్పు గోదావరి పేరే ఉంటుంది. దరఖాస్తులో ఏమో కొత్త జిల్లా ఎంచుకుంటారు. చూసేవాళ్లు ఎక్కడో దూరాన ఉంటారు, ఆఫీసు మారిందేమో అనుకుంటారు. ఆఫీసు అక్కడే ఉందని, జిల్లా పేరే మారిందని ఒక పేజీ లేఖ రాసి జతచేయండి. దర్పణ్ ప్రొఫైల్లోనూ, బ్యాంకులోనూ చిరునామా ఇప్పటి జిల్లాతో మార్పించండి.

ఆ తర్వాత తేదీలు. 12ఎ, 80జి ఒకసారి వస్తే ఎప్పటికీ ఉంటాయనే నమ్మకం ఇంకా చాలామందికి ఉంది. 2021 నుంచి అవి గడువుతోనే వస్తున్నాయి. ఆర్డర్ మీద ఏ సంవత్సరం దాకా ఉందో చూడండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు అడుగుతుంటే, దానికోసం నమోదు చేసుకుంటే వచ్చే సీఎస్ఆర్-1 నంబరు కూడా కావాలి, 2021 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. కార్యవర్గం మారి, కొత్త జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వకపోతే అది కూడా ఇక్కడే బయటపడుతుంది.

సమస్య: ఫీల్డ్ విజిట్ దాకా వచ్చి, తర్వాత కబురు లేదు

అసలు కష్టమంతా దీనితోనే. కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి, పని మంచిది, సంస్థకు ఊళ్లో మంచి పేరుంది. ఊళ్లో పని చూడటానికి నిధులిచ్చే సంస్థ నుంచి వచ్చినవాళ్లు భోంచేసి, నవ్వుతూ వెళ్తారు. నెలలు గడిచినా జవాబు రాదు. ఒకవేళ వచ్చినా "ఈసారి అవకాశం లేదు" అన్న ఒక్క వాక్యం ఉంటుంది. కారణం ఎవరూ చెప్పరు కాబట్టి వచ్చే ఏడాది అదే దరఖాస్తు మళ్లీ పెడతారు.

నేను చూసినవాటిలో ఎక్కువసార్లు కారణం ఒకటే. ప్రతిపాదనలో ఊరి జనం ఉంటారు, బడ్జెట్‌లో ఉండరు.

వేసవి మంచినీళ్ల మీద ఒక దరఖాస్తు ఉందనుకుందాం. కాలువ చివరి ఊళ్లు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు చెరువు నింపుకోవాలి, ఆ నీళ్లు మళ్లీ కాలువలు వదిలేదాకా రావాలి, పక్క రొయ్యల చెరువుల నుంచి ఉప్పునీరు ఊరకుండా కాపలా కాసుకోవాలి. పది ఊళ్లు, ఏడాది పని, ఐదు లక్షలు. "ప్రతి ఊరిలో నెలనెలా సమావేశం, నిర్ణయాలన్నీ గ్రామస్థులవే" అని రాశారు. ఇక బడ్జెట్: జీతాలు 2,10,000, నిపుణుల రాకపోకలు, పారితోషికం 1,10,000, ప్రారంభ సభ 60,000, ఆఫీసు ఖర్చు 55,000, బ్యానర్లు, కరపత్రాలు 45,000. అట్టడుగున, గ్రామ సమావేశాలు 20,000.

పది ఊళ్లు, పన్నెండు నెలలు అంటే 120 సమావేశాలు. ఒక్కోదానికి సుమారు 167 రూపాయలు. దరఖాస్తు చూసే మనిషి కాగితం అంచున వేసే మొదటి లెక్క ఇదే. రేవు దాటి గోదావరి మధ్యనున్న లంక ఊరికి వెళ్లి రావడానికే ఆ డబ్బు చాలదు. అంటే ఈ సమావేశాలు జరగవు, జరిగినా ఫొటో కోసం జరుగుతాయి అని వాళ్లు అర్థం చేసుకుంటారు. మీ మనసులో అలా లేకపోవచ్చు. కాగితం మాత్రం అదే చెబుతోంది.

సరిచేయాలంటే కింది నుంచి రండి. ఒక్క సమావేశం తీసుకోండి. ఎక్కడ? రామాలయం అరుగు మీద పెడితే దళిత పేటలో వాళ్లు ఎంతమంది వస్తారో నిజాయితీగా ఆలోచించండి. స్కూలు వరండా మేలు. ఎప్పుడు? నాట్లకో రొయ్యల ప్లాంటుకో వెళ్లిన ఆడవాళ్లు ఇంటికొచ్చి, వంట ముగించుకుని కూర్చునేసరికి రాత్రి ఏడున్నర అవుతుంది. మీ మనిషి తొమ్మిదింటికి వెనక్కి రావాలి, అప్పుడు బస్సుండదు. ఆటో రానూపోనూ 400. నలభై మందికి టీ, బిస్కట్లు 600. జెరాక్సులు, సమావేశంలో అనుకున్నవి రాసే మినిట్స్ పుస్తకం 100. ఇంటింటికీ వెళ్లి కబురు చెప్పే ఆ ఊరి కార్యకర్తకు 300. మొత్తం 1,400.

దీన్ని 120తో హెచ్చిస్తే 1,68,000 అవుతుంది. "ఐదు లక్షల్లో అంత ఎక్కడ పడుతుందండీ" అంటారు. పట్టకపోతే ఊళ్లు తగ్గించండి. ఆరు ఊళ్లయితే 72 సమావేశాలు, 1,00,800. ప్రారంభ సభ మొత్తం తీసేయండి, 60,000 మిగులుతుంది. బ్యానర్లు, కరపత్రాలు సగం చేయండి, 22,500. ఉన్న 20,000 కలిపితే 1,02,500. సరిపోయింది. ఊళ్లు తగ్గిస్తే దరఖాస్తు బలహీనపడుతుందని భయపడతారు గానీ, నేను చూసినంతలో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఇంకో పద్దు కూడా కావాలి. ఏ ఫిల్టరు కొనాలో, ఏ కంపెనీదో, ఎక్కడ పెట్టాలో అన్నీ ముందే రాసేస్తే గ్రామ కమిటీ కూర్చుని నిర్ణయించేది ఏముంటుంది? నిపుణుల పద్దులోంచి కొంత తీసి "గ్రామ కమిటీ నిర్ణయించే పనులు" అని విడిగా పెట్టండి. ఒక ఊరు చెరువు చుట్టూ కంచె కావాలంటుంది, ఇంకో ఊరు ముందు నీటి పరీక్ష కావాలంటుంది. ఆ తేడా రిపోర్టులో కనిపిస్తేనే అది భాగస్వామ్యం.

ఇది ఫీల్డ్ విజిట్‌లో ఎలా బయటపడుతుందో చెబుతాను. ఒక లంక ఊళ్లో, నిధులిచ్చే సంస్థ నుంచి వచ్చినావిడ గ్రామ కమిటీ సభ్యురాలిని అడిగింది, "ఈ డబ్బొస్తే ముందు ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?" అని. సభ్యురాలు సంస్థ సెక్రటరీ వైపు చూసి, "ఆయ్, మేడమ్ గారు చెప్తారండీ" అంది. ఎంతో మర్యాదగా చెప్పింది. వచ్చినావిడ పుస్తకం మూసేసింది. సభ్యురాలి తప్పేమీ లేదు, అంతకుముందు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. దరఖాస్తు రాయకముందే కనీసం రెండుసార్లు ఊళ్లో కూర్చోండి. వాళ్ల మాట విని మీ ప్లాన్‌లో ఏం మార్చారో మినిట్స్‌లో రాయండి, ఒప్పుకోని వాళ్ల మాట కూడా రాయండి. ఏకగ్రీవంగా, ఏ చర్చా లేకుండా సాగిన మినిట్స్‌ను ఎవరూ నమ్మరు.

మద్దతు లేఖల సంగతీ అంతే. పది ఊళ్ల నుంచి పది లేఖలు, అన్నిట్లో అవే వాక్యాలు, అదే ఫాంటు, కింద సంతకం మాత్రం వేరు. మీ కంప్యూటర్‌లో టైపు చేసి సంతకాలు పెట్టించుకొచ్చారని చూడగానే తెలిసిపోతుంది. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు సొంత మాటల్లో చేత్తో రాసిన ఒక్క పేజీ వాటన్నిటికంటే విలువైనది. అక్షరదోషాలున్నా దిద్దకండి.

పనుల క్యాలెండర్ కూడా ఒకసారి తీసి చూడండి. జులై, ఆగస్టుల్లో లంక ఊళ్లలో సమావేశాలు రాసి ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటితే లంకల్లో జనం సామాను సర్దుకుంటూ ఉంటారు. ఆ రోజుల్లో మీ సమావేశానికి ఎవరొస్తారు? నవంబరు, డిసెంబరుల్లో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, పైగా తుఫాన్ల భయం. ఏప్రిల్‌లో దాళ్వా (రబీ వరి) కోతలు. వరద నెలల్లో లంకలు వదిలేసి మెరక ఊళ్లు పెట్టుకోండి, కోతల నెలలో రెండు సమావేశాలు ఒకటి చేయండి. అప్పుడు సమావేశాలు 72 కంటే తగ్గితే తగ్గనివ్వండి, ఎందుకు తగ్గిందో రాయండి. ఈ ప్రాంతం తెలిసినవాళ్లు రాశారని ఆ ఒక్క పేజీ చూస్తే తెలుస్తుంది.

సమస్య: మంజూరైంది, డబ్బు పడలేదు

ఖాతాలో సంతకం అధికారం పాత కార్యదర్శి పేరుమీదే ఉండి ఉంటుంది. తీర్మానం కాపీ తీసుకుని బ్రాంచికి వెళ్లండి. విదేశీ డబ్బయితే స్థానిక ఖాతాలో నేరుగా వేయించుకోవడం కుదరదు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తన విదేశీ నిధుల్లోంచి మీకు కొంత ఇస్తానంటే ఒప్పుకోవద్దు, ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత అలా బదలాయించడానికి వీల్లేదు.

సమస్య: మొదటి విడత వచ్చింది, రెండోది ఆగింది

వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రంలో పద్దుల పేర్లు, మంజూరు పత్రంలో పద్దుల పేర్లు ఒకటేనా అని చూడండి. మంజూరులో "గ్రామ సమావేశాలు" అని ఉంటే మీరు "ప్రయాణం, టీ ఖర్చులు" అని విడగొట్టి చూపిస్తే లెక్క కుదరదు. ఆటో, టీకొట్టు బిల్లులు దొరకవు కాబట్టి అదే రోజు వోచరు రాసి సంతకం తీసుకోండి. నెలాఖరున అన్నీ ఒకే పెన్నుతో రాస్తే ఆడిటర్‌కు తెలిసిపోతుంది.

మిగతావి

మీ ప్రాంతం వాళ్ల జాబితాలో లేకపోవడం, ఆ ఏడాది వాళ్ల దగ్గరే నిధులు లేకపోవడం, చివరి గంటలో పోర్టల్ మొరాయించడం లాంటివి అరుదు. మొదటిది ప్రకటనలోనే ఉంటుంది. చివరిదానికి రెండు రోజుల ముందే పంపించేయండి. ఎవరో కావాలని తొక్కిపెట్టారన్న అనుమానం ఉంటే పైన చెప్పినవన్నీ చూసుకున్నాక ఆలోచించండి. ఏదైనా సరే, కారణం చెప్పమని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ఏ దశలో ఆగింది, బడ్జెట్ గురించి ఏమైనా సందేహం వచ్చిందా అని ఆ రెండే అడగండి. అందరూ జవాబివ్వరు గానీ, ఇచ్చేవాళ్లు సూటిగా చెబుతారు. ఆ మెయిల్‌ను వచ్చే దరఖాస్తు ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకోండి.