పాత భూమి రికార్డులు చదవడం, 5వ పాఠం: యజమాని మారితే ఊరు ఖాళీ అయినట్టేనా?

పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాను. ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు, అందుకే డౌన్ సర్వే (1650లలో ఐర్లండ్ భూములను కొలిచిన సర్వే) మ్యాపుల సంగతి వచ్చేసారికి జరుపుతున్నాను. మనం చూసింది ఐర్లండ్‌లో భూమి ఎవరి నుంచి ఎవరికి మారిందో రాసిన ‘బుక్స్ ఆఫ్ సర్వే అండ్ డిస్ట్రిబ్యూషన్’ పుస్తకం. అందులో టిప్పరేరీ కౌంటీ పేజీలో ఎడమవైపు 1641 నాటి యజమాని, పక్కన ‘ఐరిష్ పాపిస్ట్’ అంటే కాథలిక్ అని. కుడివైపు, ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ ఐర్లండ్‌ను గెలిచిన యుద్ధం తర్వాత ఆ భూమి దక్కినవాడి పేరు. అది చూసి ‘ఇక్కడి ఐరిష్ వాళ్లను తరిమేసి ప్రొటెస్టెంట్లను దింపారు’ అని రాసేశారు. రికార్డు ఆ మాట చెప్పడం లేదు.

మన అడంగల్‌లో పట్టాదారు, అనుభవదారు వేరువేరు గడుల్లో ఉంటారు కదా, ఈ పుస్తకంలో ఆ రెండో గడే లేదు. దున్నేవాడెవరో ఇందులో వెతికితే దొరకడు. 1652 చట్టం భూమి లేని, పది పౌండ్ల లోపు ఆస్తి ఉన్న కూలీలకు, చేతిపనివాళ్లకు క్షమాభిక్ష పెట్టింది. 1654 మే 1 లోగా షానన్ నది దాటి పడమటి వైపు కొనాక్ట్‌కో క్లేర్‌కో పొమ్మన్నది ముఖ్యంగా భూస్వాములను. పైగా జీతం బదులు భూమి రావాల్సిన క్రామ్‌వెల్ సైనికుల్లో చాలామంది తమ వాటా పత్రాలను పై సైనికాధికారులకు అమ్ముకున్నారు. కొత్త యజమానికి కౌలు రావాలి, కోతకు మనుషులు కావాలి, మరి ఎవరున్నారు?

అంతకుముందు ఉత్తరాన అల్‌స్టర్‌లో అయితే ఖాళీ చేయించడమే షరతు. 1607లో ఓనీల్, ఓడానెల్ దొరలు దేశం విడిచాక ఆరు కౌంటీలు రాజు చేతికొచ్చాయి. భూమి పొందిన ఇంగ్లిష్, స్కాటిష్ దొరలు ఐరిష్ వాళ్లను పూర్తిగా పంపేయాలని ప్రభుత్వం షరతు పెట్టింది, కానీ ఐరిష్ వాళ్లు కట్టే కౌలు వదులుకోలేక ఆ దొరలు వాళ్లను ఉండనిచ్చారు. చివరికి 1628లో, రాజుకు రెట్టింపు శిస్తు కడితే పావు వంతు భూమిలో ఉంచుకోవచ్చని ఒప్పుకున్నారు.

అలాగని జరిగిన అన్యాయం చిన్నదని రాయకండి. కాథలిక్కుల చేతిలోని భూమి 1641లో సుమారు 60 శాతం, 1688కి 22, 1703కి 14. మనుషులు అక్కడే ఉన్నారు, హక్కు పోయింది. మీ జవాబులో ఈ రెండూ కనిపించాలి.

ఈ పుస్తకంలో విస్తీర్ణం ఐరిష్ ఎకరాల్లో ఉంటుంది, ఐరిష్ ఎకరం మామూలు ఎకరానికి దాదాపు 1.62 రెట్లు. బురదనేల, కొండ వేరే గడిలో ఉంటాయి, నేనైతే సాగుకు పనికొచ్చే గడి ఒక్కటే కూడతాను.

అభ్యాసం: టిప్పరేరీలో ఒక పారిష్ (చర్చి పరిధిలోని కొన్ని ఊళ్ల సముదాయం) తీసుకోండి. అందులోని ప్రతి టౌన్‌ల్యాండ్‌కూ (ఊరిలాంటి అతి చిన్న భూభాగం) 1641 యజమాని, కొత్త యజమాని, 1659 తలపన్ను లెక్కలో ఐరిష్ ఎందరు, ఇంగ్లిష్ ఎందరు అని రాయండి. అల్‌స్టర్ పారిష్ తీసుకోవాలనిపించినా టైరోన్, కావన్ కౌంటీలు వద్దు, వాటి 1659 లెక్కలు మిగల్లేదు. పేర్ల స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, పైకి చదివి పోల్చండి. నచ్చిన నాలుగు ఊళ్లు కాదు, పారిష్ మొత్తం చేసి పంపండి.