ఏజెంట్ తప్పు టూల్‌ను పిలుస్తుంటే: నా అనుభవం

మా కస్టమర్ సేవల ఏఐ ఏజెంట్‌కు (భాషా మోడల్‌తో నడిచే సహాయక ప్రోగ్రామ్‌కు) పిలిచి వాడుకునే ఫంక్షన్లు, అంటే టూల్స్, ఉన్నాయి: ఆర్డర్ నంబరుతో వివరాలు తెచ్చే టూల్ ఒకటి, ఫోన్ నంబరుతో పాత ఆర్డర్లను వెతికే టూల్ ఇంకొకటి. కస్టమర్ ఫోన్ నంబరు చెప్పినా ఏజెంట్ తరచూ మొదటి టూల్‌నే పిలిచి, ఆ పది అంకెలనే ఆర్డర్ నంబరుగా పంపేది. మోడల్ మార్చడం, టెంపరేచర్ (జవాబుల్లో యాదృచ్ఛికతను నియంత్రించే సెట్టింగ్) సున్నాకు దించడం, సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కు ముందే ఇచ్చే సూచనల్లో) హెచ్చరికలు పెంచడం, ఇవేవీ ఫలించలేదు.

మోడల్‌కు టూల్ లోపలి కోడ్ కనిపించదు. దాని పేరు, డిస్క్రిప్షన్ (వివరణ), పారామీటర్ల స్కీమా (ఏ విలువలు ఏ రూపంలో పంపాలో చెప్పే పట్టిక) మాత్రమే కనిపిస్తాయి. అందుకే మొదటి టూల్ డిస్క్రిప్షన్‌లో "ఆర్డర్ సమాచారం ఇస్తుంది" అన్న పాత వాక్యాన్ని తీసేసి, ముందుగా ఇలా రాశాను: "ఒక ఆర్డర్ ప్రస్తుత స్థితిని, డెలివరీ తేదీని ఇస్తుంది. ఆర్డర్ నంబరు తెలిసినప్పుడే వాడాలి. ఫోన్ నంబరు మాత్రమే ఉంటే వాడకూడదు, ఆర్డర్లను వెతికే టూల్‌ను పిలవాలి." ఆ తర్వాత "ఐడీ" అనే పారామీటర్ పేరును "ఆర్డర్ నంబరు"గా మార్చి, "ఓఆర్‌డీ-48213" వంటి నమూనాను దాని పక్కనే చేర్చాను. చివరగా, తప్పు విలువ వచ్చినప్పుడు ఖాళీ ఫలితానికి బదులు, ఏ టూల్‌ను పిలవాలో చెప్పే ఎర్రర్ సందేశాన్ని తిరిగి పంపేలా చేశాను. వీటిలో ఎక్కువ పని చేసింది "వాడకూడదు" అన్న వాక్యమేనని నా నమ్మకం, అయితే మూడింటినీ విడివిడిగా పరీక్షించలేదు.

మా దగ్గర ఉన్న టూల్స్ కొన్నే. డజన్ల కొద్దీ ఉన్నచోట డిస్క్రిప్షన్లకంటే ముందు టూల్స్‌నే తగ్గించాల్సి రావచ్చు.