దసరా, దీపావళికి బ్రిటన్ నుంచి యూరప్‌కి సరుకు పంపేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

దసరా ఆర్డర్లు ఆగస్టు చివర్లోనే మొదలవుతాయి. డబ్లిన్ నుంచి, మ్యూనిక్ నుంచి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వాట్సాప్‌లో "అక్కా, ఈ రంగు ఉందా? పండగ లోపు అందుతుందా?" అని అడుగుతుంటారు. బ్రిటన్‌లో ఇంటి నుంచే మంగళగిరి, పోచంపల్లి చీరలు, కుట్టించిన లెహంగాలు అమ్ముకునే మనలాంటివాళ్లకి నాలుగు డబ్బులు కళ్లచూసేది ఈ రెండు నెలల్లోనే. చేతులు కాల్చుకునేదీ ఈ రెండు నెలల్లోనే. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికొచ్చి ఏళ్లు గడిచినా, ప్రతి పండక్కీ ఎవరో ఒకరు కొత్తగా మొదలుపెట్టి అదే గోతిలో పడుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు తగిలిన దెబ్బ 2021 అక్టోబరులో. డబ్లిన్‌లో ఉండే ఒకమ్మాయి దీపావళికి లెహంగా కావాలంది. మన పౌన్లని యూరోల్లోకి మారిస్తే 240, పోస్టేజీ 20. హైదరాబాద్‌లో కుట్టించి తెప్పించిన ముక్క, అంచు చాలా బాగా కుదిరింది. టిష్యూ పేపర్ చుట్టి, పెట్టెలో సర్ది, రెండు పసుపుకొమ్ములు కూడా పెట్టి పంపాను. వారం తర్వాత ఫోన్ వచ్చింది. "అక్కా, డెలివరీ అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. ఇంకో 98 యూరోలు కట్టమంటున్నాడు. అవి ఎందుకు?" ఎందుకో నాకు తెలిస్తే కదా చెప్పడానికి! తను తీసుకోలేదు. తప్పు తనది కాదు. అయిదు వారాలకి పెట్టె మూల నలిగిపోయి మా ఇంటికి తిరిగొచ్చింది. అప్పటికి దీపావళి వెళ్లిపోయింది. పైగా ఎగుమతి చేసినట్టు కాగితం దాచుకోలేదని, నా సరుకు నాకు ఇవ్వడానికి కొరియర్ వాళ్లు నన్నే డ్యూటీ కట్టమన్నారు.

ఆ 98 యూరోల లెక్క తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. మీరూ ఒకసారి కాగితం మీద వేసుకోండి. సరుకు, పోస్టేజీ కలిపి 260. కుట్టిన బట్టల మీద యూరప్ డ్యూటీ చాలా రకాలకి 12 శాతం, అంటే 31 యూరోల 20 సెంట్లు. ఆ మొత్తం మీద ఐర్లాండ్‌లో పెద్దవాళ్ల బట్టలకి 23 శాతం వ్యాట్, అంటే దాదాపు 67. రెండూ కలిపితే 98. కొరియర్ వాళ్ల హ్యాండ్లింగ్ చార్జీ దీనికి అదనం. 2020 డిసెంబరు 31 రాత్రి దాకా లెస్టర్ నుంచి డబ్లిన్‌కి పార్సిల్ అంటే లెస్టర్ నుంచి బ్రిటన్‌లోనే ఉన్న లీడ్స్‌కి పంపినట్టే, ఈ గొడవేం లేదు.

"ఒప్పందం కుదిరింది కదా, సుంకాలు లేవన్నారు కదా" అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. 2020 డిసెంబరు 24న బ్రిటన్, యూనియన్ మధ్య కుదిరిన ఒప్పందంలో సుంకం లేనిది బ్రిటన్‌లో గానీ యూనియన్‌లో గానీ తయారైన సరుకుకి. ఇండియాలో నేసి, ఇండియాలో కుట్టిన బట్ట బ్రిటన్ గోడౌన్‌లో ఏడాది ఉన్నా ఇండియా సరుకే. మనం దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు ఒకసారి డ్యూటీ కట్టాం, యూనియన్‌లో ఉన్న ఐర్లాండ్‌లో అడుగుపెట్టేసరికి రెండోసారి కట్టాలి. ఇది చిన్నవాళ్లకే తెలియని సంగతి కూడా కాదు. మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ల పెర్సీ పిగ్ మిఠాయిలు జర్మనీలో తయారై బ్రిటన్‌కి వస్తాయి. వాటిని మళ్లీ ఐర్లాండ్ కొట్లకి పంపాలంటే సుంకం పడే పరిస్థితి వచ్చిందని 2021 జనవరిలో ఆ కంపెనీయే చెప్పింది. యూనియన్‌లో తయారైన మిఠాయి యూనియన్‌లోకి తిరిగి వెళ్లడానికే అంత తంటా.

కాబట్టి మొట్టమొదటి జాగ్రత్త: సీజన్‌కి ముందే మీ దగ్గరున్న ప్రతి వస్తువు ఎదురుగా అది ఎక్కడ తయారైందో రాసుకోండి. ఎక్కడ కొన్నారన్నది లెక్కలోకి రాదు. బ్రిటన్‌లోనే ఎవరైనా కుట్టినా, గుడ్డ ఇండియాది అయితే బ్రిటన్ సరుకు అయిపోతుందని అనుకోకండి. బట్టల విషయంలో ఆ నిబంధనలు చాలా బిగువుగా ఉంటాయి.

రెండో సంగతి 150 యూరోల గీత. అంతకు లోపున్న పార్సిల్ మీద ఇన్నాళ్లూ డ్యూటీ పడేది కాదు, వ్యాట్ మాత్రం 2021 జులై 1 నుంచి ఎంత చిన్న పార్సిల్‌కైనా పడుతుంది. ఆ డ్యూటీ మినహాయింపు కూడా తీసేయాలని యూనియన్ నిర్ణయించింది, పంపేనాటికి ఏది అమల్లో ఉందో చూసుకోండి. వ్యాట్‌ని అమ్మేటప్పుడే వసూలు చేసి కట్టే ఏర్పాటు ఒకటుంది, పేరు ఐఓఎస్ఎస్. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు అందులో చేరాలంటే యూనియన్‌లో ఉన్న మధ్యవర్తి కావాలి, అతనికి ఫీజు కట్టాలి. నెలకి పది పార్సిళ్లు పంపేవాళ్లకి అది గిట్టుబాటు కాదని నా లెక్క. పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌ల ద్వారా అమ్మితే 150 లోపు ఆర్డర్లకి ఆ వ్యాట్ వాళ్లే వసూలు చేసి కడతారు. అలా అని ఒకే ఆర్డరుని రెండు పెట్టెలు చేసి గీత దాటకుండా చూద్దామనుకోకండి. కస్టమ్స్ వాళ్లకి అది కొత్తేం కాదు.

"గిఫ్ట్ అని రాసెయ్యి, అయిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వినొద్దు. గిఫ్టుకి మినహాయింపు మనిషి మనిషికి ఊరికే పంపేదానికి, అదీ 45 యూరోల వరకే. డబ్బు తీసుకుని పంపేది గిఫ్టు కాదు. పట్టుబడితే సరుకు పోతుంది, మీ పేరు మీద మచ్చ పడుతుంది, కొన్నమ్మాయి ఇబ్బంది పడుతుంది.

ఎక్కువ ఖరీదు ఆర్డర్లకి మంచి దారి వేరే ఉంది, చెప్పడానికి బాధగా ఉన్నా చెబుతాను. సరుకుని బ్రిటన్‌కి తేకుండా హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా డబ్లిన్‌కి, మ్యూనిక్‌కి పంపించండి. డ్యూటీ ఒక్కసారే పడుతుంది. మనలో చాలామందికి వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉండదు, ఏడాది అమ్మకాలు 90,000 పౌన్లు దాటితేనే అది తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి ఇండియా నుంచి తెచ్చినప్పుడు కట్టిన వ్యాట్ వెనక్కి రాదు. అంటే డ్యూటీ రెండుసార్లు, వ్యాట్ రెండుసార్లు. ఒకప్పుడు యూరప్ మొత్తానికి బ్రిటన్ వాకిలి. ఇండియా వాళ్లు లండన్‌లో గోడౌన్ పెట్టుకుని అక్కణ్నుంచి అన్ని దేశాలకీ పంపేవాళ్లు. ఆ వాకిలి ఇలా ఒక్కో పార్సిల్ లెక్కనే మూతపడుతోంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 2024 డిసెంబరులో చెప్పిన లెక్క ప్రకారం కొత్త ఒప్పందం వచ్చాక దాదాపు 16,400 సంస్థలు యూనియన్‌కి ఎగుమతులు పూర్తిగా మానేశాయి. దెబ్బ తిన్నది చిన్నవాళ్లే, పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి. పెద్ద కంపెనీకి కాగితాలు చూడటానికి ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది. మనకి డైనింగ్ టేబులు, రాత్రి పిల్లలు పడుకున్నాక దొరికే గంటన్నర.

ఆ గంటన్నరలో చేయాల్సినవి. ఇయోరి నంబరు, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లని కస్టమ్స్ గుర్తుపట్టే నంబరు, తీసుకోండి. ప్రభుత్వ సైట్‌లో అది ఉచితం, డబ్బు అడిగే సైట్‌ల జోలికి పోవద్దు. ఇన్‌వాయిస్ మీద "బట్టలు" అని రాస్తే సరిపోదు. "ఆడవాళ్ల లెహంగా, పట్టు, కుట్టినది, తయారీ ఇండియా" అన్నంత వివరంగా ఉండాలి, పక్కన కస్టమ్స్ కోడ్ ఉండాలి. కుట్టని గుడ్డకి ఒక కోడ్, కుట్టినదానికి మరొకటి, శాతాలు మారిపోతాయి. పార్సిల్ ఫోటో, ట్రాకింగ్ రసీదు, ఇన్‌వాయిస్ మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. పంపిన సరుకు మారకుండా మూడేళ్ల లోపు తిరిగొస్తే డ్యూటీ లేకుండా తెచ్చుకునే వీలుంది, కానీ పంపినట్టు రుజువు మన దగ్గరే ఉండాలి. నా లెహంగాకి అది లేకపోయింది.

చాలామందికి ఇంకా తెలియనిది ఒకటుంది. 2024 డిసెంబరు 13 నుంచి యూరప్‌లో కొత్త ఉత్పత్తి భద్రతా నిబంధన వచ్చింది. ఆహారం కాని వస్తువులు అమ్మేవాళ్లకి యూనియన్‌లో బాధ్యత తీసుకునే మనిషో సంస్థో ఉండాలి, ఆ పేరు, చిరునామా సరుకుతో పాటు, అమ్మకపు పేజీలోనూ కనబడాలి. ఇది నార్తర్న్ ఐర్లాండ్‌కి కూడా వర్తిస్తుంది. బెల్‌ఫాస్ట్ బ్రిటన్‌లోదే కదా అని మామూలుగా పంపేయకండి.

ఇక తినేవి. మాంసం, పాల పదార్థాలు బ్రిటన్ నుంచి యూనియన్‌లోకి పార్సిల్‌లో గానీ బ్యాగులో గానీ తీసుకెళ్లకూడదు. 2021 జనవరిలో నెదర్లాండ్స్ రేవులో లారీ డ్రైవర్ల దగ్గర హ్యామ్ శాండ్‌విచ్‌లు లాక్కోవడం టీవీల్లో అందరూ చూశారు. మన లెక్కలో నెయ్యి డబ్బా, పనీర్, కోవా అదే జాబితాలోకి వస్తాయి. పచ్చి కరివేపాకు, మామిడాకుల్లాంటివి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వెళ్లవు. పండక్కి అక్కచెల్లెళ్లకి పంపాలనిపిస్తుంది, నిజమే. బిస్కెట్లు, చాక్లెట్లు పంపండి, నెయ్యి అక్కడే కొనుక్కోమనండి.

పెద్ద లోడులో మీ పెట్టెలు కలిపి పంపుతుంటే తోడున్నవాళ్ల కాగితాలు కూడా అడగండి. 2021 జనవరిలో స్కాట్లండ్ చేపల వ్యాపారులకి జరిగింది ఇదే. పది మంది సరుకు ఒకే లారీలో, ఒకరి సర్టిఫికెట్‌లో తప్పుంటే తొమ్మిది మంది సరుకూ ఆగిపోయింది. చేపలు ఎంతసేపు ఆగుతాయి? వాళ్లు లారీలేసుకుని లండన్ వెళ్లి ప్రభుత్వ కార్యాలయాల ముందు నిలబెట్టారు. చీర కుళ్లదు గానీ, పండగ దాటితే ఆ చీర ఎవరికి కావాలి?

పౌను సంగతి కూడా మనసులో పెట్టుకోండి. 2016 జూన్ 23న రెఫరెండం నాడు పౌను వంద రూపాయలకి అటూఇటూ ఉంది. 52 శాతం మంది బయటికే ఓటేశారని తెలిసిన మర్నాడు ఏడెనిమిది రూపాయలు పడింది, ఆ అక్టోబరుకి 82 దగ్గరికి వచ్చింది. అంటే మంగళగిరిలో 4,000 రూపాయల చీర మనకి 40 పౌన్ల నుంచి దాదాపు 49కి చేరింది. నేతన్న ఒక్క రూపాయి పెంచలేదు. పండగ ధరలు ఆరు నెలల ముందే చెప్పేసి ఇరుక్కోకండి. అడ్వాన్స్ తీసుకుంటే రూపాయల భాగం అప్పుడే ఇండియాకి పంపేయండి.

2025 జులై 24న ఇండియా, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందం చూసి "ఇక డ్యూటీ లేదట" అని సంబరపడుతున్నారు. అది ఇండియా బట్ట బ్రిటన్‌లోకి రావడానికి పనికొచ్చేది. ఇక్కణ్నుంచి డబ్లిన్ వెళ్తే యూరప్ డ్యూటీ యూరప్‌దే. 2025 మేలో బ్రిటన్, యూనియన్ కలిసి అనుకున్న మార్పులు కూడా, సరిహద్దు దాటే సరుకు వరకు చూస్తే, ఎక్కువగా ఆహారం, మొక్కల తనిఖీల గురించి. కస్టమ్స్ గీత అలాగే ఉంది.

ఈ ఏడు నేను చేస్తున్నది ఇది. యూరప్ ఆర్డర్లు పండక్కి నాలుగు వారాల ముందు ఆపేస్తాను. డబ్బు తీసుకునే ముందే కొనేవాళ్లకి వాట్సాప్‌లో "సరుకు ఇంత, డ్యూటీ సుమారు ఇంత, మీ దేశం వ్యాట్ ఇంత, కొరియర్ చార్జీ వేరే" అని నాలుగు లైన్లు పంపిస్తాను. వాళ్లు "సరే" అని రాసిన తర్వాతే పెట్టె కడతాను. డబ్లిన్ అమ్మాయి మళ్లీ నా దగ్గరే కొంటోంది. తన చీర ఇప్పుడు నేరుగా హైదరాబాద్ నుంచి వెళ్తోంది. లేబుల్ మీద తన ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయమని అక్కడివాళ్లకి ప్రతిసారీ చెబుతున్నాను, కస్టమ్స్ వాళ్లకి సందేహం వస్తే ముందు ఆ నంబరుకే చేస్తారు.