పాత ఫ్లాష్‌ని డిజిటల్ కెమెరాకి తగిలించే ముందు మీటర్‌తో వోల్టేజ్ చూడండి

ఫిల్మ్ కెమెరాల కాలం నాటి ఫ్లాష్ ఒకటి చేతికొచ్చింది, బ్యాటరీలు వేయగానే కీచుమని సన్నగా చప్పుడు చేస్తూ చార్జ్ అయింది, రెడీ లైటు కూడా వెలిగింది, ఇక కెమెరాకి తగిలించి ఒక ఫొటో తీద్దాం అనిపిస్తుంది. దయచేసి ఒక్క నిమిషం ఆగండి. ఫ్లాష్ వెలిగినంత మాత్రాన అది మీ కెమెరాకి సరిపోతుందని కాదు.

ఫ్లాష్‌ని వెలిగించడానికి కెమెరా చేసే పని చాలా చిన్నది. హాట్ షూ (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే గాడి) మధ్యలో ఉన్న కాంటాక్టునీ పక్కన ఉన్న లోహపు పట్టాలనీ ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. కలపక ముందు ఆ రెండింటి మధ్య ఉండేదే ట్రిగ్గర్ వోల్టేజ్. పాత కెమెరాల్లో ఈ పని రెండు లోహపు రేకులు చేసేవి కాబట్టి 200, 300 వోల్టులు వచ్చినా పెద్దగా ఇబ్బంది ఉండేది కాదు. డిజిటల్ కెమెరాలో అదే పని ఒక చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ చేస్తుంది. దాని హద్దు దాటితే మొదటి ఫొటోకే పోవచ్చు, లేదా కొన్నాళ్లు బాగానే పనిచేసి తర్వాత పోవచ్చు. నాకు భయం వేసేది ఈ రెండో రకంతోనే, ఎందుకంటే ఏమీ కాలేదు కదా అని మనం వాడుతూనే ఉంటాం.

ఎంత వరకు సేఫ్ అనేది కెమెరాని బట్టి ఉంటుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్ మాన్యువల్స్‌లో 250 వోల్టులు దాటకూడదనీ, నెగటివ్ వోల్టేజ్ అసలే ఇవ్వకూడదనీ రాసి ఉంటుంది. కెమెరా, ఫ్లాష్ కనెక్షన్లకి సంబంధించిన ఐఎస్ఓ 10330 అనే అంతర్జాతీయ ప్రమాణం 24 వోల్టుల లెక్క చెబుతుంది. 6 వోల్టులకి మించి తట్టుకోని తొలితరం డిజిటల్ కెమెరాలు కూడా ఉన్నాయి. మీ మాన్యువల్‌లో అంకె దొరక్కపోతే 6 వోల్టులే హద్దు అనుకోండి.

మోడల్ పేరు చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. వివిటార్ 283నే తీసుకోండి, మొదట్లో వచ్చిన వాటిలో 200 వోల్టులు దాటేవి చాలా ఉన్నాయి, తర్వాత తయారైన వాటిలో 10 లోపే ఉంటుంది, పేరు మాత్రం రెండింటికీ ఒకటే. అందుకే మన చేతిలో ఉన్న ఫ్లాష్‌ని మనమే కొలుచుకోవాలి.

డిజిటల్ మల్టీమీటర్ తీసుకుని డీసీ వోల్టుల్లో పెద్ద రేంజ్ పెట్టండి. ముల్లు తిరిగే పాత మీటర్లు వద్దు, అవి కొంత కరెంటు లాగేసి అసలు కన్నా తక్కువ చూపించవచ్చు. ఫ్లాష్‌లో కొత్త బ్యాటరీలు వేసి, రెడీ లైటు వెలిగాక ఇంకో అర నిమిషం ఆగి, ఎర్ర ప్రోబ్‌ని అడుగున మధ్యలో ఉన్న కాంటాక్టుకీ, నల్ల ప్రోబ్‌ని షూలో జారే అంచు దగ్గరి లోహానికీ ఆనించండి. ప్రోబ్ కొసల్ని వేళ్లతో ముట్టుకోవద్దు. రెండు కొసలూ ఒకదానికొకటి తగిలితే ఫ్లాష్ వెలుగుతుంది, అందుకే దాని ముఖం మీ కళ్ల వైపు ఉండకూడదు. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే పొలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు, తిరగబడి ఉందన్నమాట, అంకె చిన్నదైనా దాన్ని కెమెరాకి పెట్టకండి.

వోల్టేజ్ ఎక్కువ వచ్చిందని ఫ్లాష్ పారేయక్కర్లేదు. వోల్టేజ్‌ని తగ్గించే వైన్ సేఫ్ సింక్ లాంటి అడాప్టర్లు ఉన్నాయి. నన్నడిగితే ఇంకా మంచిది ఆప్టికల్ స్లేవ్, అంటే పాత ఫ్లాష్‌కి తగిలించే చిన్న సెన్సర్, కెమెరాలోని చిన్న ఫ్లాష్ వెలుగు చూసి పాతది దానంతటదే వెలుగుతుంది, రెండింటి మధ్య వైరే ఉండదు. కెమెరా ఫ్లాష్‌ని మాన్యువల్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే వెలుతురు కొలవడానికి ముందుగా వచ్చే ప్రీఫ్లాష్‌కే స్లేవ్ వెలిగిపోతుంది. వైర్ లేకుండా రేడియో సిగ్నల్‌తో ఫ్లాష్‌ని వెలిగించే రేడియో ట్రిగ్గర్ వాడితే దాని రిసీవర్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో కూడా చూడండి.

వోల్టేజ్ తక్కువే ఉన్నా, వేరే కంపెనీ కెమెరా కోసం చేసిన ఫ్లాష్ అయితే మధ్య కాంటాక్టు కాకుండా అదనపు పిన్నులు ఉంటాయి. అవి మన కెమెరాలో ఏ కాంటాక్టుకి తగులుతాయో తెలియదు కాబట్టి వాటి మీద సన్నటి టేపు అంటించండి.

ఫ్లాష్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు ఉంటాయి, బ్యాటరీలు తీసేశాక కూడా చాలాసేపు నిలిచి ఉంటాయి. బాగుచేద్దామని మూత విప్పకండి, ప్రాణాల మీదకి రావచ్చు. గోడ ప్లగ్గుకి పెట్టే పాత అడాప్టర్లు కూడా నేనైతే వాడను. ఏళ్లుగా పక్కన పడి ఉన్న ఫ్లాష్ అయితే, చార్జ్ అయ్యాక వెలిగించకుండా కాసేపు అలాగే ఉంచి, తర్వాత తక్కువ పవర్‌లో నాలుగైదు సార్లు వెలిగించండి, కెపాసిటర్ మళ్లీ దారికొస్తుంది. ఫుల్ పవర్‌లో వరసగా కొడితే వేడెక్కుతుంది, మధ్యమధ్య గ్యాప్ ఇవ్వండి.

ఫిల్మ్ కాలపు టీటీఎల్ (లెన్స్ గుండా వచ్చే వెలుతురుని కొలిచి ఫ్లాష్‌ని అదుపు చేసే పద్ధతి) డిజిటల్‌లో పనిచేయదు, ఎందుకంటే అది ఫిల్మ్ మీద పడి తిరిగొచ్చే వెలుతురుని కొలిచేది. కెమెరాని మాన్యువల్ మోడ్‌లో పెట్టి, షట్టర్ 1/125 దగ్గర ఉంచి, ఫ్లాష్‌లో ఆటో మోడ్ ఉంటే అది చెప్పిన ఐఎస్ఓ, అపర్చర్ రెండూ కెమెరాలో పెట్టండి. ఆటో లేకపోతే గైడ్ నంబర్‌ని (ఫ్లాష్ బలం చెప్పే అంకె) దూరంతో భాగిస్తే అపర్చర్ వస్తుంది, ఐఎస్ఓ 100 దగ్గర గైడ్ నంబర్ 32 మీటర్లు, మనిషి 4 మీటర్ల దూరంలో ఉంటే ఎఫ్/8. మిర్రర్‌లెస్ అయితే ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి మెకానికల్‌కి మార్చండి, చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫ్లాష్ అసలు వెలగదు.